మూడు లివర్ల జీపు

మండపేట,
5 జూలై 1981

కొండలెక్కి తీరతానని మొండికేసిన చిరంజీవి లోవలక్ష్మికి, అరుగు దిగడానికే కర్ర వెతుక్కునే తాతయ్య దీవించి రాసేది ఏంటంటే,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివేను. ఒకసారి నాకోసం, రెండోసారి మీ మామ్మకి వినిపించడానికి, మూడోసారి మీ నాన్న వచ్చినప్పుడు ఆయన మొహం ఎలా మారుతుందో చూడ్డానికి. మూడోసారి చదివినప్పుడే బాగుంది.

నాకు అర్థమైంది రాస్తాను, తప్పుంటే దిద్దు. నువ్వు విశాఖపట్నంలో మొక్కల చదువు చదువుతున్నావు. మారేడుమిల్లి అవతల కొండవాళ్ళు తవ్వుకు తినే అడవి దుంపలు ఎన్ని రకాలో చూసి పుస్తకం రాస్తావు. మీ యూనివర్సిటీ వ్యాను తారురోడ్డు దిగదు. దిగినా ఒంటరి ఆడపిల్లని ఎక్కించుకోదు. అందుకని స్కాలర్‌షిప్పులో దాచుకున్న ఎనిమిదివేలల్లో ఓ పాత జీపు చూసిపెట్టమన్నావు. హైస్కూల్లో లెక్కల మేష్టారైన మీ నాన్నని వదిలేసి, మూడో క్లాసు తప్పిన నన్నడిగేవంటే నీకు బుద్ధి ఉందన్నమాట. రైసుమిల్లు జీపు ఏళ్ళ తరబడి తోలినవాణ్ణి కదా మరి.

మా గున్నేశ్వర్రావు, అదే మీ నాన్న, ఆదివారం రాజమండ్రి నుంచి వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"ఆడపిల్లకి జీపేంటి నాన్నా? ఆ పరిశోధనేదో గుర్రపుడెక్క మీద చేసుకోమనండి. కాలవ నిండా ఉంది. అదీ మొక్కే కదా?"

"మొక్కే. నువ్వు దిగి పీకుతావా?"

"నేనెందుకు పీకుతానండీ?"

"మరి ఊరుకో."

కూతురికి చెప్పే హక్కు ఆయనకుంటే ఆయనకి చెప్పే హక్కు నాకుంది. నేనింకా పోలేదు.

రేపట్నుంచి జీపులు చూస్తాను. జీపు కొనడం ఎద్దుని కొనడం లాంటిదే. పళ్ళు చూడాలి, నడక చూడాలి, అన్నిటికన్నా ముందు అమ్మేవాడి మొహం చూడాలి.

మీ మామ్మ పూతరేకులు పోస్టులో పంపుతానంది. చేరేసరికి పొడైపోతాయన్నాను. నిన్నట్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. ప్రాణం హాయిగా ఉంది.

నీ డ్రైవరు,
పెద్దిరాజు

---

విశాఖపట్నం,
14 జూలై 1981

తాతయ్యకి, దండాలు. మామ్మకి ముద్దులు. పొడైనా సరే పూతరేకులు పంపమను, చెంచాతో తింటాను.

ముందుగా ఒక మాట. జీపు ఎద్దు కాదు. నువ్వు దాని మూపు నిమిరి కొనేస్తావేమోనని నాకు భయంగా ఉంది. అందుకే విడమరిచి రాస్తున్నాను, నవ్వకుండా చదువు.

మామూలు బండికి వెనక చక్రాలే తోస్తాయి. కొండదారిలో బురదలో పడితే అవి ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి తప్ప బండి కదలదు. ఇంజను బలం ముందు చక్రాలక్కూడా అందాలి. దానికి వేరే లివరు ఉంటుంది. అది లాగినప్పుడు ముందు చక్రాలు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. రంగు పోయినా, టాపు చిరిగినా, హారను మోగకపోయినా నాకు పట్టదు. ఇదొక్కటే కావాలి. మన డెల్టాలో ఉన్న చిక్కేంటంటే, ఎక్కించి చూద్దామంటే ఎత్తు లేదు. కాలవ గట్టెక్కగానే జీపు బాగుందనుకోకు.

ఇంత తొందరెందుకంటావేమో. ఈ దుంపల తీగలు వానలకి లేస్తాయి, కార్తీకం వెళ్ళేసరికి ఎండిపోతాయి. ఆకు చూడకపోతే ఏ దుంప ఏదో చెప్పలేం. నవంబరు పదిహేనులోగా తీగలు తెచ్చి బల్లమీద పెట్టాలి, లేకపోతే అంశం మార్చుకోవాలి అని మా గైడు గారు చెప్పేశారు. మారిస్తే ఏమొస్తుందో తెలుసుగా? నాన్న చెప్పిన గుర్రపుడెక్కే. దానిమీద నాకు కోపం లేదు తాతయ్యా. కానీ అది మన గుమ్మంలోకే వచ్చి నిలబడింది. ఈ దుంపల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. నేను వెళ్తాను.

డ్రైవింగు స్కూలుకి వెళ్తున్నాను. "అమ్మా, మీరు బ్రేకుని బతిమాలుతున్నారండి, తొక్కాలండి" అంటాడు నేర్పే ఆయన. నిన్న తొక్కాను. ఆయన తల అద్దానికి కొట్టుకుంది. ఇప్పుడేమీ అనడం లేదు.

నీ మనవరాలు,
లోవ

---

మండపేట,
2 ఆగస్టు 1981

నాకు జీపంటే ఏంటో నేర్పిన గురువు గారు లోవలక్ష్మికి, శిష్యుడు దీవించి రాసేది,

నీ పాఠం చదివేను. ముందు చక్రాలు కూడా తిరగాలన్నావు. బండి దొర్లితే తిరక్క చస్తాయా? నాలుగూ తిరుగుతాయి, వెనకాల తగిలించిన అయిదోది మాత్రం తిరగదు.

మూడు బళ్ళు చూసేను. మొదటిది రాజమండ్రిలో సినిమా ప్రచారం చేసిన జీపు. మైకు పీకేసినా ఇంజను అరవడం మానలేదు. కొత్తగా రంగేసేరు. ముసలాడు జుట్టుకి రంగేస్తే నాకు అనుమానం. గోటితో గీకేను. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు, తుప్పు కింద రోడ్డు కనపడింది.

రెండోది కడియం దగ్గర మొక్కలు మోసేది. అసలు ఇంజను తీసేసి చేలో నీళ్ళు తోడే ఇంజను లాంటిదేదో పెట్టేరు. స్టార్టు చేస్తే నేనూ, సీటూ, ఎదురుగా ఉన్న కోడీ ముగ్గురం వణికేం. "అలవాటైపోతాదండి" అన్నాడు ఓనరు. "నాకా, కోడికా?" అన్నాను.

మూడోది ద్వారపూడిలో జీవరాజు అనే ఆయన దగ్గర. కోడిగుడ్లు వేస్తాడు దాన్లో. దూరం నుంచి చూడగానే కాళ్ళు ఆగిపోయేయి. నంబరు పద్నాలుగు పద్నాలుగు. నేను తోలిన మిల్లు జీపేనే! మా ఓనరు గారు పోయేక అమ్మేసేరని తెలుసు గానీ ఇక్కడుందని తెలీదు. స్టీరింగు మీద నా బొటనవేలు అరగదీసిన గుంట అలాగే ఉంది. వేలు పెట్టి చూసేను, సరిపోయింది.

ధవళేశ్వరం దగ్గర ఏటిగట్టు ఎక్కించేను. మనకి హిమాలయం అదే. "ఎక్కిందండీ!" అన్నాడు జీవరాజు. వాడికే ఆశ్చర్యం.

నువ్వు చెప్పిన లివర్లు చూసేను. మూడూ ఉన్నాయి, మూడూ కదుల్తున్నాయి. మధ్యదాని ఉండ కొత్తదానిలా ఉంది, ఎవరూ ముట్టుకోలేదు కాబోలు.

ఎనిమిదివేలు చెప్పేడు. ఆరున్నరకి కొనేసేను. మిగిలింది నా దగ్గర ఉంచేను, దాంతో పని ఉంది. ఏం పనో అడక్కు.

జీపు మన వాకిట్లో ఉంది. గేదె దాన్ని చూసి రెండు రోజులు మేత ముట్టలేదు. మీ మామ్మ రోజూ దానికి బొట్టు పెడుతోంది. గేదెకి కాదు, జీపుకి.

ఎద్దుల బేరగాడు,
తాతయ్య

---

విశాఖపట్నం,
20 ఆగస్టు 1981

తాతయ్యా,

నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మొన్న నువ్వు పులస కోసం రేవుకి వెళ్ళినప్పుడు, రాజమండ్రి నుంచి మెకానిక్ యెహెజ్కేలు గారిని తీసుకొచ్చి జీపు చూపించారట. ఆయన కింద పడుకుని చూసి ఏమన్నారో నాన్న ఉన్నదున్నట్టు రాశారు. "ఇంజను బంగారవండి మేష్టారూ. కానీ ముందు చక్రాలకి బలం తీసుకెళ్ళే షాఫ్టు లేదండి. లివరు లాగితే కదులుతాది, కింద అందుకునేది ఏదీ లేదండి."

నేను నీకు ఒక్కటే చెప్పాను. ఒక్కటే అడిగాను. రంగొద్దు, టాపొద్దు, హారనొద్దు అన్నాను. స్టీరింగు మీద నీ వేలి గుంట చూసి, పాత జీపు మీద మోజుతో కళ్ళు మూసుకుని కొనేశావు. జీవరాజు నిన్ను మోసం చేశాడు. లేదా నువ్వే మోసపోవాలనుకున్నావు.

ఇంకోటి కూడా విను. నాన్న మా గైడు గారికి నేరుగా ఉత్తరం రాశారు. మా అమ్మాయి అంశం మార్చుకోవడానికి మా కుటుంబానికి అభ్యంతరం లేదని. గైడు గారు పిలిచి చూపించారు. మూడు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. "వాహనం దొరికిందన్నారు, కొండెక్కదట కదమ్మా?" అన్నారు.

జీపు వెనక్కి ఇచ్చెయ్. ఇంత పనిని నీ వయసువాళ్ళకి అప్పగించడం నాదే తప్పు.

లోవలక్ష్మి

---

మండపేట,
27 ఆగస్టు 1981

ఉత్తరం చివర పూర్తిపేరు రాసేటంత కోపమొచ్చిన లోవలక్ష్మి గారికి, ముసలి పెద్దిరాజు రాసేది,

నీ ఉత్తరం చదివి అన్నం మానేద్దామనుకున్నాను. కానీ ఆవేళ పులస పులుసు. అలిగి పులస వదిలేసినవాడు గోదావరి జిల్లాలో ఇంకా పుట్టలేదు. తినేసి, చెయ్యి కడుక్కుని, తర్వాత బాధపడ్డాను.

ఇప్పుడు విను. షాఫ్టు లేదని యెహెజ్కేలు కనిపెట్టేడా? వాడు పనివాడే. కానీ నాకు పద్నాలుగేళ్ళ నుంచి తెలుసు. దాన్ని తీసింది నేనే. అరవయ్యేడులో, ఈ చేతుల్తోనే.

మా ఓనరు వీరవెంకటసత్యనారాయణ గారు ఓ రోజు పిలిచి, "ఏవయ్యా పెద్దిరాజూ, మండపేటలో కొండేదీ? ముందు చక్రాల ఇనుమంతా ఊరికే తిరిగి పెట్రోలు తాగేస్తోందంట. తీసి అవతల పడెయ్" అన్నారు. లివరు కూడా తియ్యమంటారా అంటే, "వద్దు, మూడు లివర్లుంటే చూడ్డానికి దర్జా" అన్నారు. మన దగ్గర ఎన్ని జీపులకి అలా తీసేమో! ఈ నేల మీద ఆ లివరుతో ఎవరికేం పని? పాపం జీవరాజుకీ తెలీదు. "షాఫ్టు లేదయ్యా" అని నేనే చెప్పేను. "అదేంటండీ, లివరుందిగా!" అన్నాడు. కింద పడుకోబెట్టి చూపించేను. లేచి బట్టలు దులుపుకుని పదిహేను వందలు తగ్గించేడు. మోసం వాడూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. మిగతా రెండు బళ్ళకీ ఏం లేదో నాకు తెలీదు. దీనికి లేనిదేదో తెలుసు, అదెక్కడుందో కూడా తెలుసు. అందుకే కొన్నాను.

ఎక్కడుందంటావా? మన గేదె మెడలో ఉంది.

పారిపోయే గొడ్డుకి గుదిబండ కడతాం కదా, పరిగెత్తబోతే మోకాళ్ళకి కొట్టుకునేలాగ. అప్పట్లో మనకో గేదె ఉండేది, తాడు తెంపుకుంటే రామచంద్రపురం రోడ్డు మీదే దొరికేది. కర్రముక్క కడితే విరగ్గొట్టేది. నేను ఈ ఇనుము తెచ్చి కట్టేను. రెండడుగులుంటుంది, మంచి బరువు. అప్పట్నుంచి నడక బుద్ధిగా మారింది. ఆ గేదె పోయేక దాని పెయ్యకి కట్టేం. నువ్వు చిన్నప్పుడు దానిమీద కూచుని జామకాయ తిన్నావు, గుర్తుందా?

మరి తీసి బిగించెయ్యొచ్చుగా అంటావు. మీ మామ్మ ఊరుకోదే! ఆవిడ పుట్టింటి ఆచారం. గొడ్డునమ్మినా పలుపూ గుదిబండా అమ్మరు. అవి గడప దాటితే వాటితోపాటు పాడి కూడా వెళ్ళిపోతుందంట. నెలరోజుల నుంచి ఏదో ఒక వంకన అడుగుతున్నాను. పులస తెచ్చింది కూడా అందుకే. తినేసి "అయినా ఇవ్వను" అంది. ఇది తేలకుండా నీకేం రాయను? మనవరాలి చదువు గేదె మెడకి వేలాడుతోందని రాయనా?

జీపు వెనక్కివ్వను. మీ నాన్న మూడు పేజీలు రాసేడు కదా, నేను మూడు ముక్కలు రాస్తున్నాను. జీపు కొండెక్కుతుంది. ముసలాణ్ణి నమ్మడం తప్పన్న మాట జాగ్రత్తగా దాచి ఉంచు. కొండ మీద నీచేతే దాన్ని మింగిస్తాను, నీళ్ళు కూడా ఇవ్వను.

నీ వయసువాడు కాని,
పెద్దిరాజు

---

విశాఖపట్నం,
5 సెప్టెంబరు 1981

తాతయ్యా,

మింగేశాను. కొండ దాకా ఆగలేదు. నీళ్ళు కూడా తాగలేదు.

కానీ ఒక్క ముక్క రాసుంటే నాకు నాలుగు రాత్రులు నిద్ర ఉండేది కదా? నీకు ఆటలు. సరే, నీతో తర్వాత మాట్లాడతాను. ఈ కింద రాసింది మామ్మకి చదివి వినిపించు. రాసింది రాసినట్టు చదువు. నీ పైత్యం కలిపితే నాకు తెలిసిపోతుంది.

మామ్మా, నేను లోవని. గుదిబండ నాకు కావాలి. ఊరికే అడగడం లేదు. అది ఉంటే జీపు కొండెక్కుతుంది. అది లేకపోతే నేను కాలవ ఒడ్డునే కూర్చోవాలి. గేదెకి ఇనపది కట్టారు, నాకు గుర్రపుడెక్కతో చేసింది కడుతున్నారు. నీకు చదువు రాదని తాతయ్య వేళాకోళం చేస్తాడు గానీ, వర్షానికి ముందు ఏ ఆకు కొయ్యాలో, ఏ దుంప దురద పుట్టిస్తుందో నాకు నేర్పింది నువ్వే. నా చదువు అక్కడే మొదలైంది. గుదిబండ కూడా పని కాగానే నీ దగ్గరికే తిరిగి తెస్తాను, ఇదే నా మాట. పాడి పోతే నేను గేదెని కొనిస్తానని అనను. అది వేరే గేదె అవుతుంది, నాకు తెలుసు. ఇవ్వగలిగితే ఇయ్యి. లేదంటే తాతయ్య మీద విసుక్కోకు.

లోవ

---

మండపేట,
16 సెప్టెంబరు 1981

చిరంజీవి లోవకి,

చదివేను. కొంచెం కలిపేను. చివర్లో "ఇవ్వకపోతే సముద్రంలో దూకుతాను" అని చేర్చేను. మీ మామ్మ బియ్యం చెరుగుతూ వింటోంది. ఆగి, "మళ్ళీ చదవండి" అంది. మళ్ళీ చదివితే సముద్రం మర్చిపోయేను. "ఇందాక దూకింది, ఇప్పుడు దూకలేదేం? మీ కూతలు తీసేసి పిల్ల రాసింది చదవండి" అంది. మూడోసారి ఉన్నది ఉన్నట్టు చదివేను. ఆ చెరిగిన బియ్యమే మళ్ళీ చెరిగింది.

మూడో రోజు పొద్దున్నే గేదె దగ్గరికెళ్ళి తాడు విప్పి, ఇనుము కొంగుతో తుడిచి, పసుపు రాసి, తెచ్చి నా ముందు పెట్టింది.

"గడప దాటితే పాడి పోతుంది. కానీ ఇంటి ఆడది వెంట ఉంటే అది గడప దాటినట్టు కాదు, నాతో ఊరెళ్ళినట్టు. నేనూ వెళ్తాను."

"ఎక్కడికీ?"

"అది ఎక్కడికెళ్తే అక్కడికి. కొండ మీదికి."

సరిగ్గా అప్పుడే మీ నాన్న దిగేడు. చక్కటి ముహూర్తం.

"అమ్మా! నీకు అరవయ్యారేళ్ళు!"

"నీకు నలభయ్యెనిమిది. ఎవరడిగేర్రా?"

"దారిలో ఏమైనా అయితే?"

"ఒంటరి ఆడపిల్లని ఎలా పంపుతామన్నావు. ఇప్పుడు ఒంటరి కాదుగా. ఇంకేం కావాలి? ఆ గైడు మేష్టారికి ఇంకో మూడు పేజీలు రాసుకో, మా అమ్మ కూడా వస్తోందని."

నా వైపు తిరిగి, "మీరు ఇంట్లో ఉండి గేదె పాలు తియ్యండి" అంది. జీపు నేను కొన్నానే! నా జీపు! నన్ను ఎక్కనివ్వరంట! ముగ్గురం సరిపోతాం కదా అంటే, "మరి పాలెవరు తీస్తారు? గున్నేశ్వర్రావా?" అంది. వాడు ఆపాటికే బస్సుకి బయల్దేరేడు.

యెహెజ్కేలు వచ్చి షాఫ్టు బిగించేడు. రెండు చివరలా అరిగిన ముక్కలు తీసి కొత్తవి వేసేడు. నా దగ్గర ఉంచిన పదిహేను వందలూ ఇందుకే. "గేదె మెడలో ఉన్నదాన్ని జీపుకి బిగించడం నా సర్వీసులో ఇదే మొదలండి. గేదె మోకాళ్ళకి రోజూ రాసుకుని తుప్పు రానివ్వలేదండి, షెడ్డులో ఉంటే పోయేది" అన్నాడు. జీపుని దిమ్మల మీద లేపి మధ్య లివరు లాగించేడు. నాలుగు చక్రాలూ గాల్లో తిరిగేయి. పద్నాలుగేళ్ళ తర్వాత ముందువి తిరగడం చూసి మీ మామ్మ హారతిచ్చింది. నాకు కళ్ళలో ఏదో పడింది, దుమ్మే.

దసరాకి రా. నీ లైసెన్సు తెచ్చుకో.

గేదెల కాపరి,
తాతయ్య

---

మండపేట,
30 అక్టోబరు 1981

(కార్డు)

లోవా, మీరు వెళ్ళి ఇరవై రోజులైంది. ఉత్తరం ముక్క లేదు. కొండ మీద పోస్టాఫీసు ఉండదని మీ నాన్న రోజుకో కార్డు రాస్తున్నాడు, నేనడక్కుండానే. జీపు పోతే పోనీ. మామ్మ ఎలా ఉంది? చారులో ఇంగువ ముందు వెయ్యాలా, తర్వాత వెయ్యాలా? గేదె గురించి ఏమీ అడక్కండి.

పె.

---

విశాఖపట్నం,
14 నవంబరు 1981

తాతయ్యా,

కార్డు ఇక్కడికి వచ్చి మా కోసం ఎదురుచూస్తోంది. నీ ప్రశ్నకి జవాబు, ఇంగువ తర్వాతే వెయ్యాలట, "ఏభై ఏళ్ళు తిన్నారు, అది కూడా చూళ్ళేదా?" అంటోంది మామ్మ. నా పక్కనే ఉంది. క్షేమం. లావయింది కూడా.

మొత్తం చెప్తాను. మారేడుమిల్లి దాకా మామ్మ కళ్ళు మూసుకునే ఉంది. దాటాక తెరిచింది, మళ్ళీ మూయలేదు. పదో మైలు తర్వాత దారి లేదు. ఎర్రమట్టి, పైనుంచి వాన నీళ్ళు, ఒక వాగు. వాగు దాటాం గానీ అవతలి ఒడ్డు ఎక్కలేకపోయాం. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి మట్టి ఆకాశానికి చిమ్మాయి. జీపు వెనక్కి, నీళ్ళలోకి జారుతోంది. బ్రేకు తొక్కినా ఆగలేదు తాతయ్యా. నాన్న గొంతు చెవిలో వినపడింది.

"ఏవే, నా గుదిబండతో పనుందన్నావు, ఎప్పుడే?" అంది మామ్మ.

మధ్య లివరు లాగాను. కింద కటుక్కుమంది. ముందు చక్రాలు గట్టు అంచుని పట్టుకున్నాయి, పిల్లి గోళ్ళతో పట్టుకున్నట్టు. మెల్లగా, చాలా మెల్లగా, జీపు ఎక్కింది. పైకెళ్ళి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. నీ వేలి గుంట కనపడింది. నా వేలు పెట్టాను. సరిపోలేదు, నీది పెద్దది.

ఆ పైన కొండవాళ్ళ ఊళ్ళో నెల్లాళ్ళున్నాం. నేను ఆకులు కోసి కాయితాల మధ్య పెట్టేలోపు మామ్మ అక్కడి ముసలమ్మతో దుంపలు తవ్వడానికి వెళ్ళేది. ఏది ఉడికిస్తే సరిపోతుందో, ఏది ముక్కలు కోసి వాగులో కట్టి ఉంచితే తప్ప విషం దిగదో, అన్నీ మామ్మే అడిగి నాకు చెప్పింది. నేనడిగితే ఆ ముసలమ్మ నవ్వి ఊరుకునేది. మామ్మ మాత్రం "పులుసులో పడుతుందా వదినా?" అని మొదలుపెట్టేది. పదకొండు రకాలు దొరికాయి. రెండింటికి మా పుస్తకాల్లో పేరు లేదు.

నిన్న గైడు గారి బల్ల మీద తీగలు పరిచాం. రావద్దంటే మామ్మ వినలేదు, వచ్చింది. ఆయన భూతద్దంతో గంటసేపు చూశారు. "గుర్రపుడెక్క ఇంకెవరికైనా ఇద్దాంలెండి" అన్నారు. మామ్మ ఉడికించిన దుంప ఆయన ముందు పెట్టి, "తినండి బాబూ, ఇది విషం లేనిదే" అంది. ఆయన తిన్నారు. నాన్న ఉత్తరం అడిగి వెనక్కి తీసుకున్నాను. మంచి దళసరి కాయితం. పేరులేని తీగ ఆకుని దాని మధ్య పెట్టి నొక్కాను.

మామ్మ సముద్రం చూస్తానంది, వారం ఉంటుంది. తర్వాత షాఫ్టు విప్పి గేదెకి కట్టాలి కదా అని నాకు దిగులుగా ఉంది. మాట ఇచ్చాను, తెస్తాను. గేదె గురించి ఎందుకు అడగకూడదు? ఏమైంది?

కొండెక్కి దిగిన,
లోవ

---

మండపేట,
20 నవంబరు 1981

చిరంజీవి లోవకి, సముద్రం ఒడ్డున నా వంట తప్పించుకు తిరుగుతున్న మీ మామ్మ బుజ్జమ్మకి, పెద్దిరాజు రాసేది,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివేను. నాలుగోది గేదెకి వినిపించడానికి.

గేదె సంగతి చెప్పేస్తాను. మీరు వెళ్ళిన మర్నాడే మెడ తేలికైందని దానికి తెలిసిపోయింది. తాడు తెంపుకుని ఒకటే పరుగు. నేను ఒక కాలికి చెప్పుతో బజారు దాకా వెంటబడ్డాను. ఊరంతా చూసింది. కనపడకుండా పోయింది. పాడి పోయిందిరా దేవుడా, ఆవిడకి ఏ మొహం చూపించను అని అరుగు మీద కూలబడ్డాను. సాయంత్రం కుడితి వేళకి చూద్దును కదా, అదే వచ్చి గాబు ముందు నిలబడింది. "ఇంకా పెట్టలేదేం?" అన్నట్టు చూసింది.

మర్నాడూ వెళ్ళింది. నేను చెప్పులు వేసుకోలేదు. సాయంత్రం వచ్చింది. రోజూ ఇదే. ఎక్కడికెళ్తుందో తెలీదు, ఏం మేస్తుందో తెలీదు, పాలు మాత్రం అరసేరు పెరిగేయి. దాని తల్లికీ దీనికీ పద్నాలుగేళ్ళు ఊరికే ఆ ఇనుము మోయించేం. ఒక్కసారి విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా.

నీ ఉత్తరం అందిన రోజే మీ నాన్న వచ్చేడు.

"గేదేదీ?"

"వెళ్ళింది."

"ఎక్కడికి?"

"నాకు చెప్పి వెళ్ళదు. నువ్వు చెప్పి వెళ్ళేవాడివా?"

అరుగు మీద సాయంత్రం దాకా కూచున్నాడు. నీ ఉత్తరం ఇచ్చేను. ఆయన రాసిన దాని మధ్య ఆకు పెట్టేవన్న చోట ఆగి, మళ్ళీ మొదట్నుంచి చదివేడు. ఇంతలో గేదె వచ్చింది. దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "నాన్నా, ఆ జీపు వెనకాల అయిదో టైరు గుండైపోయింది, చూసేరా?" అన్నాడు. చూసేనన్నాను. బస్సుకి వెళ్ళిపోయేడు.

నిన్న రాజమండ్రి లారీలో కొత్త టైరొకటి దిగింది. పంపినవాడి పేరు లేదు. చీటీ మీద నీ పేరుంది, మన ఊరుంది, ఒక్క కొట్టివేత లేదు.

మీ మామ్మకి చెప్పు. షాఫ్టు విప్పొద్దు. తెచ్చినా కట్టడానికి ఈ ఇంట్లో మెడ ఖాళీగా లేదు.

ఉంటాను. కుడితి వేళైంది, అది వచ్చేసింది.

పెద్దిరాజు